ఆయిల్ తాగే ఇంజన్: రింగులు అరిగాయా, అంటుకుపోయాయా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను బ్రదర్. 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 92,000 కిలోమీటర్లు తిరిగింది, 1,200 కిలోమీటర్లకి ఒక లీటరు ఆయిల్ పొయ్యాల్సి వస్తోంది, పొగ పెద్దగా కనపడట్లేదు, పికప్ బానే ఉంది. ఒక మెకానిక్ ఏమో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి, ఇంజన్ దింపాలి, 55,000 అవుద్ది అన్నాడు, ఇంకొకాయన 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోసి తిప్పేయ్ అన్నాడు. విప్పించాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే విప్పించొద్దు. నేను 26 ఏళ్ళుగా విజయవాడ ఆటోనగర్లో ఇంజన్ పనే చేస్తున్నాను, ఇంజన్ విప్పితే నాలాంటి వాడికే నాలుగు డబ్బులు వస్తాయి, అయినా వద్దనే చెప్తున్నా. ఎందుకంటే ఆయిల్ తాగుతుంది అనగానే రింగులు అరిగాయి అనేస్తారు గానీ రింగు అరగడం వేరు, రింగు గాడిలో అంటుకుపోవడం వేరు, అసలు రింగుల దాకా రాకుండా ఆయిల్ ఇంకో దారిలో పోవడం వేరు. మూడిట్లో మీది ఏదో తేలకుండా 55,000 పెడితే ఆర్నెల్ల తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది, అలా అడిగినవాళ్ళని చాలామందిని చూశాను.

ముందు ఆ 1,200 అనేది నిజంగా కొలిచిందా, అంచనాగా చెప్పిందా అనేది తేల్చుకోండి. చాలామంది పొద్దున ఒకసారి ఆయిల్ గేజ్ (డిప్‌స్టిక్) తీసి చూస్తారు, ఇంకోసారి హైవే మీద బంకులో ఆపి ఇంజన్ ఆపిన నిమిషానికే తీసి చూస్తారు, ఈ రెండిటికీ లెవెల్ ఒకేలా రాదు, ఎందుకంటే ఆపిన వెంటనే కొంత ఆయిల్ ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్ లోనే ఉండి ఇంకా అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లోకి దిగదు. కాబట్టి ఇంట్లో ఒకటే చోటు, చదునుగా ఉన్న చోటు, ఎటు ముఖం పెట్టి ఆపారో ప్రతిసారీ అలాగే, ఇంజన్ ఆపి పది నిమిషాలాగి, గేజ్ ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యాలి. మ్యాక్స్ గీత దాకా పోసి కిలోమీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ మ్యాక్స్ రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలత డబ్బాతో పోసి రాసుకోండి. అది అసలు లెక్క. కంపెనీల దగ్గర కూడా ఇదే పద్ధతి, ఫోక్స్‌వాగన్ గ్రూప్ మాన్యువల్స్‌లో అయితే 1,000 కిలోమీటర్లకి అర లీటరు దాకా మామూలే అని రాసుంటుంది, నా మటుకు నాకు అది చాలా ఎక్కువ, బాగున్న చిన్న పెట్రోల్ ఇంజన్ ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి మళ్ళీ మార్చే దాకా గేజ్ మీద సగం కూడా దిగకూడదు.

కొలిచే లోపల ఒక అట్టముక్క రాత్రిపూట ఇంజన్ కింద పెట్టండి. వాల్వ్ కవర్ గాస్కెట్, చాంబర్ అంచు, క్రాంక్ సీల్ దగ్గర కారుతుంటే పొద్దున్నే చుక్కలు కనపడతాయి. ఇంజన్ తిరిగేటప్పుడు మాత్రమే కారి ఎగ్జాస్ట్ పైపు మీద పడి కాలిపోయేవి కూడా ఉంటాయి, వాటికి కాలిన వాసన వస్తుంది. ఇది చూడకుండా రింగుల మాట ఎత్తకూడదు.

పొగ లేదు కదా ఆయిల్ ఎలా కాలుతుంది అన్నారు. లెక్క వేసి చూద్దాం. కారు గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో ఇంజన్ 2,000 ఆర్పీఎం మీద తిరుగుతుందనుకుంటే 1,200 కిలోమీటర్లకి 24 గంటలు, నాలుగు సిలిండర్లలో కలిపి 57 లక్షల సార్లకి పైగా మంట పుడుతుంది, ఆ లీటరు ఆయిల్ అన్నిటికీ పంచితే ఒక్కో మంటకి వచ్చేది ఒక చుక్కలో దాదాపు 300వ వంతు. అంత సన్నటి తడి కంటికి కనపడదు, పైగా కనపడాల్సిన కాస్త పొగని కూడా ఇప్పటి బండ్లలో ఎగ్జాస్ట్ పైపులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాల్చేస్తుంది. నీలం పొగ గుప్పుమని కనపడిందంటే వ్యవహారం అప్పటికే ముదిరినట్టు.

ఇప్పుడు రింగుల సంగతి. సిలిండర్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ చుట్టూ మూడు గాడులు ఉంటాయి, ఒక్కో గాడిలో ఒక్కో రింగు. పైన రెండూ కంప్రెషన్ రింగులు, అందులో రెండోది కిందికి దిగేటప్పుడు ఆయిల్ని కూడా గీకుతుంది. మూడోది అచ్చంగా ఆయిల్ రింగు, ఇప్పటి చాలా పెట్రోల్ బండ్లలో అది ఒక ముక్క కాదు, పైనా కిందా పలచటి రెండు రేకులు, మధ్యలో ముడతల ముడతలుగా ఉండే స్ప్రింగు. ఆ రేకులు సిలిండర్ గోడ మీద ఆయిల్ని గీకితే, గీకిన ఆయిల్ గాడి వెనకాల ఉన్న చిన్న చిన్న బెజ్జాల్లోంచి పిస్టన్ లోపలికి పోయి కింద చాంబర్లో పడుతుంది. స్ట్రోక్, అంటే పిస్టన్ ఒక వైపు కదిలే దూరం 80 మిల్లీమీటర్లు, 2,000 ఆర్పీఎం అనుకుంటే గంటలో ఆ రింగు గోడ మీద 19 కిలోమీటర్లు రుద్దుకుంటుంది, మధ్యలో ఉన్నది మైక్రాన్లలో కొలిచేంత ఆయిల్ పొర మాత్రమే. అందుకే ఆ పొరలోకి ఏం వచ్చి చేరినా, అది దుమ్ము గానీ మసి గానీ పెట్రోల్ గానీ, రింగుకే దెబ్బ.

అరగడం కంటే అంటుకుపోవడం ఈ పదిహేనేళ్ళలో నేను ఎక్కువ చూస్తున్నాను. కారణం ఏంటంటే మైలేజీ కోసం కంపెనీలు రింగులు పలచన చేశాయి, ముఖ్యంగా ఆయిల్ రింగు గోడని నొక్కే బలం తగ్గించాయి, ఎందుకంటే ఇంజన్లో రాపిడికి పోయే బలంలో రింగులది పెద్ద వాటా. కొత్తలో అంతా బానే ఉంటుంది. కానీ ఆయిల్ పాతబడి, వేడికి మాడి, గాడిలో తారులాగా గట్టిపడితే బలం తక్కువున్న స్ప్రింగు దాన్ని తోసుకుని బయటికి రాలేదు. రేకులు గాడిలోకి నొక్కుకుపోయి అక్కడే ఉండిపోతాయి, వెనక బెజ్జాలు మూసుకుపోతాయి, గీకేదీ లేదు దిగేదీ లేదు, ఆయిలంతా పైకి పోతుంది.

నాలుగేళ్ళ కింద ఒక బండి నా దగ్గరికి వచ్చింది, 1,40,000 కిలోమీటర్లు, 700 కిలోమీటర్లకి లీటరు తాగుతోంది, ఓనరు ఇంజన్ విప్పించడానికే సిద్ధపడి వచ్చాడు, సరేనని హెడ్ దించి చాంబర్ దించి పిస్టన్లు పైకి లాగాను. బోరులో, అంటే సిలిండర్ లోపల టార్చ్ వేసి చూస్తే ఫ్యాక్టరీలో హోనింగ్ (గోడని సానరాయితో సన్నగా గీయడం) చేసినప్పటి అడ్డగీతలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. గోర్తో పైనుంచి కిందికి గీసి చూశాను, ఎక్కడా మెట్టు తగల్లేదు. పిస్టన్ తిప్పి చూస్తే పై రెండు రింగులు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి, మూడోది మాత్రం సిమెంటు పోసినట్టు గాడిలో బిగుసుకుపోయి ఉంది, గుండుసూది పెట్టి గుచ్చితే గానీ బెజ్జాలు ఎక్కడున్నాయో తెలియలేదు. అంటే ఆ ఇంజన్లో అరిగింది ఏమీ లేదు, మూసుకుపోయింది మాత్రమే. ఆ ఓనర్ని అడిగితే ఆయిల్ 15,000కి ఒకసారి మార్పించేవాణ్ణి, సిటీలోనే ఎక్కువ తిరుగుతాను అన్నాడు.

ఇక్కడ కిలోమీటర్లు చూసి మోసపోతాం మనం. బెంజ్ సర్కిల్ దగ్గరో అమీర్‌పేట దగ్గరో ట్రాఫిక్‌లో సగటు స్పీడు 20 ఉంటే 10,000 కిలోమీటర్లకి ఇంజన్ 500 గంటలు తిరిగినట్టు, అదే హైవే మీద 60 చొప్పున పోయేవాడికి 167 గంటలే. ఇద్దరికీ మీటర్లో 10,000 అనే ఉంటుంది, ఇద్దరూ 10,000కే ఆయిల్ మారుస్తారు. సిటీ వాళ్ళు 5,000, మహా అయితే 6,000కి మార్చుకుంటే ఈ రింగు అంటుకునే జబ్బు చాలామటుకు రాదు, నేను నా కస్టమర్లకి మొదటి సర్వీసు నుంచి ఇదే చెప్తాను.

ఇది పూర్తిగా ఓనర్ల తప్పే అని కూడా అనను, కొన్ని ఇంజన్లకి డిజైన్లోనే ఆ లోపం ఉంది. 2003లో మన దగ్గరికి వచ్చిన మొదటి కొరొల్లా 1.8లో ఉండే 1జడ్‌జడ్-ఎఫ్ఈ ఇంజన్ తీసుకోండి, పాత పిస్టన్లలో ఆయిల్ దిగే బెజ్జాలు సరిపోయేవి కావు, తర్వాత పిస్టన్ డిజైన్ మార్చారు. టయోటాలోనే 2ఏజడ్-ఎఫ్ఈ, 2.4 లీటర్ల ఇంజన్, అమెరికాలో 2007 నుంచి 2009 దాకా వచ్చిన క్యామ్రీల్లో అది ఆయిల్ తాగుతుందని గొడవలై చివరికి కంపెనీయే వారంటీ పెంచి, 1,200 మైళ్ళకి ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) కంటే ఎక్కువ తాగినట్టు టెస్టులో తేలిన బండ్లకి పిస్టన్లు రింగులు మార్చి ఇచ్చింది. అక్కడ చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలు పాత క్యామ్రీలు ఇష్టపడి కొంటుంటారు కాబట్టి చెప్తున్నా, ఆ మూడేళ్ళలో వచ్చిన బండి 2.4 ఇంజన్‌తో కొనేటట్టయితే పిస్టన్లు మార్చినట్టు కాగితం ఉందో లేదో అడగండి. అలాగే ఆడి, స్కోడా, ఫోక్స్‌వాగన్ల ఈఏ888 రెండో తరం ఇంజన్, మన దగ్గర సూపర్బ్, లారా 1.8 టీఎస్ఐలో ఉన్న కుటుంబమే, దాంట్లో ఆయిల్ రింగు మరీ సన్నగా పెట్టడం వల్ల ఇదే కథ, తర్వాత వాళ్ళూ రింగులు పిస్టన్లు మార్చారు.

ఇక నిజంగా అరిగే రకం. దీనికి మొదటి శత్రువు దుమ్ము. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో తిరిగే ఒక బండి వచ్చింది, 60,000 కూడా తిరగలేదు, ఆయిల్ మూత తీస్తే ఇంజన్ తిరుగుతుండగా పొగ బుసబుసా కొడుతోంది, దాన్నే మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఫిల్టర్ డబ్బా తర్వాత ఇంజన్లోకి పోయే గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తుడిస్తే వేలికి బూడిద రంగు పొడి అంటింది. ఆ గొట్టానికి క్లాంప్ లేదు, ఎవరో సర్వీసులో తీసి మళ్ళీ బిగించలేదు, ఎన్ని వేల కిలోమీటర్లు అలా రాతిపొడి పీల్చిందో. విప్పితే పై రింగు అంచు బ్లేడులా తయారైంది. దాన్ని అరగని చోట, అంటే బోరు అడుగున పెట్టి రెండు కొసల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 0.9 మిల్లీమీటర్లు వచ్చింది, ఆ సైజు బోరుకి కొత్త రింగు గ్యాప్ 0.20 నుంచి 0.35 లోపల ఉండాలి.

మీది కూడా ఫిల్టర్ తర్వాత ఆ గొట్టంలో వేలు పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. తెల్ల గుడ్డకి పొడి అంటిందంటే అదే సమాధానం. ఇంకోటి, ఎయిర్ ఫిల్టర్ కాగితాన్ని కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి కొట్టించకండి, కంటికి కనపడని చీలికలు పడతాయి, కొత్తది నాలుగైదొందలకి వస్తుంది.

అరుగుదల గురించి ఇంకొక్క విషయం. బోరు అంతా ఒకేలా అరగదు, పై రింగు పైకెళ్ళి ఆగి వెనక్కి తిరిగే చోటే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే అక్కడ రింగు ఒక్క క్షణం నిలబడిపోతుంది, నిలబడితే ఆయిల్ పొర తెగుతుంది, సరిగ్గా అప్పుడే మంట ఒత్తిడి రింగుని గోడకేసి నొక్కుతుంది. బోరు వ్యాసం 0.10 మిల్లీమీటర్లు పెరిగితే రింగు గ్యాప్ 0.31 పెరుగుతుంది, చుట్టుకొలత లెక్క అది. అందుకే అరిగిన బోరులో కొత్త రింగులు వేసినా గ్యాప్ పైన ఒకలా కింద ఒకలా ఉండి నాలుగు రోజులకే మళ్ళీ మొదటికి వస్తుంది.

రెండో శత్రువు వేడి. ఎప్పుడైనా కూలెంట్ లేక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయిందా? మే నెలలో ఒక్కసారి అలా బాయిల్ అయినా రింగుల స్ప్రింగు గుణం తగ్గిపోవచ్చు, బోరు గుండ్రం కూడా తప్పొచ్చు. ఈ సంగతి చాలామంది చెప్పరు, కొన్న పాత బండి అయితే తెలియనే తెలియదు. మీది సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనర్ని అడగండి.

రింగులు కాని దార్లు రెండు చెప్పాలి. ఒకటి పీసీవీ వాల్వ్, చాంబర్లో పుట్టిన ఆవిరిని మళ్ళీ ఇంజన్ పీల్చుకునేలా చేసే చిన్న వాల్వ్. అది తెరుచుకుని ఉండిపోతే ఆవిరితోపాటు ఆయిల్ తుంపర కూడా లాగేస్తుంది. తీసి ఊపితే లోపల టకటకమనాలి, శబ్దం రాకపోయినా జిగురుగా ఉన్నా మార్చేయండి, చాలా బండ్లకి వెయ్యి రూపాయల లోపే. నేనైతే ఆయిల్ తాగే ప్రతి బండికీ మొదట ఇదే మారుస్తాను. రెండోది వాల్వ్ సీల్స్, హెడ్ లోని ఆయిల్ వాల్వుల పక్కనుంచి సిలిండర్లోకి కారకుండా ఆపేవి. దీనికి గుర్తు ఉంది, రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చెయ్యగానే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతుంది, లేదా ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి చాలాసేపు దిగి మళ్ళీ తొక్కగానే వెనక పొగ వస్తుంది. రింగులయితే ఎత్తు ఎక్కేటప్పుడు, లోడుతో లాగేటప్పుడు ఆగకుండా వస్తుంది. వాల్వ్ సీల్స్ చాలా ఇంజన్లకి హెడ్ దించకుండానే మార్చొచ్చు, సిలిండర్లోకి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు కింద పడకుండా ఆపి మారుస్తాం. టర్బో ఉన్న బండ్లకి టర్బో షాఫ్ట్ దగ్గర లీకు మూడో దారి, మీది టర్బో లేని పెట్రోల్ కాబట్టి అది వదిలేద్దాం.

ఇవన్నీ చూశాక ప్లగ్గులు తీయించండి. నాలుగూ తీసిన వరసలోనే పెట్టి ఫోటో తియ్యండి. నాలుగిట్లో ఒక్కటే నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండర్లోనే రోగం, నాలుగూ ఒకే రకంగా తెల్లటి బూడిద పేరుకుని ఉంటే ఆయిల్ అన్నిట్లో సమానంగా కాలుతోంది, అది అంటుకున్న ఆయిల్ రింగులకో పీసీవీకో ఎక్కువ సరిపోతుంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసెయ్యాలి, ఇంజెక్టర్ ఫ్యూజ్ పీకెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఈ అయిదిట్లో ఏది తప్పినా రీడింగ్ తప్పే, యాక్సిలరేటర్ తొక్కకుండా తీసి కంప్రెషన్ పోయిందని ఇంజన్ దింపినవాళ్ళు ఉన్నారు. మామూలు పెట్రోల్ ఇంజన్‌కి 170 నుంచి 200 పీఎస్ఐ రావాలి, మీ మాన్యువల్ అంకెతో పోల్చుకోండి, అంతకంటే ముఖ్యం నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి తక్కువొస్తే ఆ సిలిండర్లో ఒక టీస్పూన్ ఆయిల్ పోసి మళ్ళీ తియ్యాలి, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్ బండికి ఇలా ఆయిల్ పొయ్యకూడదు. ఇంకా తేలకపోతే లీక్ డౌన్ టెస్ట్, పిస్టన్‌ని పైన నిలబెట్టి గాలి ఎక్కించి చెవి పెట్టి వినడమే, ఆయిల్ మూతలోంచి బుస్సుమంటే రింగులు, సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. కంప్రెషన్ నాలుగిట్లో బ్రహ్మాండంగా వచ్చినా ఆయిల్ రింగు అంటుకుని ఉండొచ్చు, ఎందుకంటే గాలిని ఆపేది పై రెండు రింగులు, మూడోదానికి దాంతో పని లేదు. మీ పికప్ బాగుంది, పొగ లేదు అన్నారు కాబట్టి నా అనుమానం అటే. కంప్రెషన్ బాగుంది, బ్యాక్ కంప్రెషన్ లేదు, పీసీవీ మార్చినా తాగుతోంది అంటే అప్పుడు రింగులు అరిగాయని ఎవరన్నా నమ్మకండి.

అంటుకున్న రింగులకి విప్పకుండా ఒక ప్రయత్నం ఉంది, నానబెట్టడం. ప్లగ్గులు తీసి క్రాంక్ తిప్పి నాలుగు పిస్టన్లూ దాదాపు ఒకే ఎత్తులో సగానికి వచ్చేలా పెట్టి, ఒక్కో సిలిండర్లో 40, 50 మిల్లీలీటర్లు పిస్టన్ కార్బన్ కరిగించే క్లీనర్ పోసి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున మిగిలింది సిరంజీతో లాగేసి, ప్లగ్ రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఫ్యూజ్ తీసే ఉంచి, సెల్ఫ్ కొట్టి లోపలిదంతా బయటికి పంపాలి. ఇది చెయ్యకుండా ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొడితే ద్రవం నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, వంగిన రాడ్డు చేత్తో పట్టుకుని చూశాను. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చాలి, క్లీనర్ చాంబర్లోకి దిగి పాత ఆయిల్ని నీళ్ళలా చేసేస్తుంది. మొదటి స్టార్ట్‌కి బోలెడు పొగ వస్తుంది, ఆరుబయట చెయ్యండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఆపైన మంచి సింథటిక్ ఆయిల్ 3,000కి ఒకసారి చొప్పున రెండు మూడుసార్లు మారిస్తే మిగిలిన మసి నెమ్మదిగా కరుగుతుంది. నేను చేసిన బండ్లలో కొన్నిటికి సగానికి సగం తగ్గింది, కొన్నిటికి తేడానే రాలేదు, మసి రాయిలా అయిపోయాక కరగదు. కానీ ఖర్చు నాలుగైదు వేలే కాబట్టి 55,000 కంటే ముందు ఇది చేసి చూడటం న్యాయం.

20డబ్ల్యూ-50 గురించి. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్ళు తగ్గినట్టు కనపడుతుంది, నిజమే. కానీ మీ ఇంజన్లో వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం సన్నటి దార్లలో ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, పైగా మూసుకుపోయిన బెజ్జాల్లోంచి పలచటి ఆయిలే దిగట్లేదంటే చిక్కటిది ఇంకా దిగదు. మాన్యువల్లో 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40 కూడా ఒప్పుకుంటే ఆ ఒక్క మెట్టు ఎక్కండి, అంతే. సీసాల్లో అమ్మే పొగ ఆపే మందులు నేను పొయ్యను, అవి కూడా చిక్కదనం పెంచేవే ఎక్కువ.

ఇక డబ్బు లెక్క. మీరు ఏడాదికి 12,000 తిరిగితే 10 లీటర్లు, లీటరు 500 అనుకుంటే 5,000 రూపాయలు. 55,000 ఖర్చు అంటే పదకొండేళ్ళ టాపప్. పదేళ్ళ బండికి ఆ లెక్క మీరే చూసుకోండి. వినియోగం పెరగకుండా అక్కడే ఉంటే పోసుకుంటూ తిరగడం తప్పు కాదు, చిన్నతనం కూడా కాదు, ప్లగ్గులు కాస్త ముందు మార్చాల్సి వస్తుంది, కన్వర్టర్ ఆయుష్షు తగ్గుతుంది. అదే 500, 600 కిలోమీటర్లకి లీటరు అయిపోతే, ప్లగ్గులు తడిసి మిస్సింగ్ వస్తుంటే, బ్యాక్ కంప్రెషన్ మొదలైతే, అప్పుడు విప్పడమే.

పోసుకుంటూ తిరిగేటట్టయితే ప్రతి ఆదివారం గేజ్ చూడటం తప్పనిసరి. డ్యాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటుని నమ్ముకోవద్దు, అది లెవెల్ లైటు కాదు, ప్రెషర్ లైటు. అది వెలిగిందంటే పంపుకి ఆయిల్ అందక బేరింగులు ఎండిపోతున్నట్టు, అక్కడికక్కడే ఆపెయ్యాలి. మీ ఇంజన్లో మొత్తం పట్టేది మూడు, మూడున్నర లీటర్లు, ఒక లీటరు తగ్గితే మిగిలింది మరింత వేడెక్కి మరింత తొందరగా మాడుతుంది, ఆ మసే మళ్ళీ రింగుల్లో చేరుతుంది. ఆయిల్ తాగే బండ్లలో నేను చూసిన పెద్ద నష్టాలన్నీ ఆయిల్ తాగడం వల్ల కాదు, పొయ్యడం మర్చిపోవడం వల్ల.

ఒకవేళ విప్పాల్సే వస్తే పని చేసేవాడి దగ్గర మీరు కూర్చోండి, ఇవి చూడండి. బోరు గేజ్‌తో పైన, మధ్య, కింద, రెండు దిశల్లో కొలిచి కాగితం మీద రాయాలి, చేత్తో తడిమి బానే ఉంది అంటే ఒప్పుకోవద్దు. లిమిట్ దాటితే 0.25 లేదా 0.50 ఓవర్‌సైజు పిస్టన్లకి బోరు కొట్టించాలి, మీ ఇంజన్‌కి ఆ సైజులు దొరక్కపోతే స్లీవ్, అంటే బోరులో ఎక్కించే కొత్త గొట్టం. లిమిట్ లోపలుంటే హోనింగ్ చాలు, అది కూడా యంత్రం మీద, ఎమరీ పేపర్ చేత్తో రుద్దడం కాదు. పిస్టన్ గాడులు కూడా అరుగుతాయి, అరిగిన గాడిలో కొత్త రింగు వేస్తే అది పైకీ కిందికీ ఊగుతూ ఆయిల్ని పంపు చేసినట్టు పైకి తోస్తుంది, కాబట్టి కొత్త రింగు గాడిలో పెట్టి పక్కన ఫీలర్ గేజ్ పెట్టి చూడమనండి.

హోనింగ్ తర్వాత కడగడం దగ్గర నూటికి తొంభై మంది తప్పు చేస్తారు అనిపిస్తుంది నాకు. పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగితే జిడ్డు పోతుంది గానీ రాయి అరగదీసిన పొడి ఆ గీతల్లోనే ఉండిపోతుంది, అది ఉండగా కొత్త రింగులు వేస్తే సానబెట్టినట్టు పదివేల కిలోమీటర్లకే అయిపోతాయి. మా మేస్త్రి నాకు నేర్పింది వేడి నీళ్ళు, సబ్బు పొడి, గట్టి బ్రష్. నురగ తెల్లగా వచ్చే దాకా రుద్ది, కడిగి, గాలి కొట్టి, తుప్పు పట్టకముందే వెంటనే ఆయిల్ రాసి, తెల్ల గుడ్డతో తుడిచి చూసేవాడు. గుడ్డ మీద బూడిద రంగు వస్తే మళ్ళీ మొదటి నుంచి. నాలుగోసారి కూడా కడిగించిన రోజులున్నాయి, అప్పట్లో విసుగొచ్చేది, ఆయన చేసిన ఇంజన్లు తిరిగొచ్చేవి కాదు.

రింగులు ఎక్కించేటప్పుడు రెండో రింగు మీద చిన్న అక్షరమో చుక్కో ఉంటుంది, అది పైకి ఉండాలి, తిరగేసి వేస్తే ఆయిల్ని కిందికి గీకాల్సింది పైకి గీకుతుంది, కొత్త ఇంజన్ మొదటి రోజు నుంచే తాగుతుంది. ఆయిల్ రింగు స్ప్రింగు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఎదురెదురుగా ఆనాలి. అన్ని రింగుల గ్యాపులు ఒకే వరసలోకి రాకుండా చుట్టూ పంచాలి. ప్రతి రింగునీ దాని సిలిండర్లో పెట్టి గ్యాప్ కొలిచాకే పిస్టన్‌కి ఎక్కించాలి.

బిగించాక గంటల తరబడి ఐడిల్లో వదిలేసి సెట్ అవ్వాలి అంటారు, అది తప్పు. రింగుని గోడకి నొక్కేది మంట ఒత్తిడి, ఐడిల్లో అది ఉండదు, గోడ నున్నగా గాజులా అయిపోయి రింగు ఇక ఎప్పటికీ కూర్చోదు. వేడెక్కగానే రోడ్డెక్కండి, మూడో గేర్లో, నాలుగో గేర్లో మధ్యస్థంగా తొక్కుతూ వదులుతూ ఒక 50 కిలోమీటర్లు, వెయ్యి దాకా మరీ గట్టిగా లాగొద్దు, ఒకే స్పీడులో గంటలు గంటలు పోవద్దు, 500 దగ్గర ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

ఇప్పటికి మీరు చెయ్యాల్సింది గొట్టంలో గుడ్డ పెట్టి తుడవడం, పీసీవీ మార్చడం, మ్యాక్స్ దాకా పోసి 1,000 కిలోమీటర్లు తిరగడం. ఆ తర్వాత ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, ప్లగ్గుల ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.